ముప్పై గుర్రాల దరఖాస్తు

దఫేదార్ చెన్నకేశవులు తల మీద నిండు గ్లాసు మజ్జిగ పెట్టి గుర్రాన్ని దౌడు తీయించినా చుక్క తొణకదని నేను ఢిల్లీలో మునీర్కా నుంచి కరోల్‌బాగ్ దాకా చెప్పుకుంటూ తిరిగాను. ఎవరూ పెట్టి చూడలేదు. పెట్టి ఉంటే తొణికేది కాదని ఇప్పటికీ పందేనికి సిద్ధం.

మదనపల్లె అవతల ఒక పల్లెలో పుట్టి, పద్దెనిమిదో ఏట సైన్యంలో గుర్రాలకు మాలీసు చేసే పనిలో చేరి, కుర్ర ఆఫీసర్లకు స్వారీ నేర్పే దఫేదారుగా పైకొచ్చిన మనిషి ఆయన. నేల మీద దొడ్డికాళ్లతో బాతులా నడిచేవాడు. జీను ఎక్కాడంటే మాత్రం రెండడుగులు పొడుగయ్యేవాడు. పంతొమ్మిది వందల డెబ్భై ఆరులో రిటైరయ్యాక ఊరికి పోలేదు. ఎందుకు పోలేదంటే, "ఆడికి పోయి ఏం చేస్తా అబ్బీ? చెనిక్కాయ చేలో దౌడు తీయల్నా?" అనేవాడు.

సాకేత్‌లో అప్పుడప్పుడే సర్కారు ఫ్లాట్లు లేస్తున్నాయి. ఆ ఫ్లాట్ల వరస ఆగిపోయే చోట చౌధరీ రతీరాం అనే జాట్ రైతుకు ఆవపొలం ఉండేది. అందులో ఎకరం ముక్క కౌలుకు తీసుకుని, రేకుల కొట్టం వేసి, పక్కనే ఒక గదిలో భార్య నాగేంద్రమ్మతో కాపురం పెట్టాడు. కొట్టంలో మూడు గుర్రాలు. వయసైపోయిందని సైన్యం వేలం వేస్తే పాడుకున్న ఎర్ర గుర్రం బాద్షా. తెల్ల ఆడగుర్రం చాందినీ. పిల్లల కోసం లడ్డూ అనే పొట్టి గుర్రం. బాద్షా, చెన్నకేశవులు ఒకే ఏడాది కొలువు దిగారు. ఇద్దరికీ ఎడమ మోకాలే నొప్పి.

ఆయన కోరిక ఒక్కటే. ఆఫీసర్ల పిల్లలకు తప్ప అందని స్వారీని ఆ ఫ్లాట్లలోని గుమాస్తాల పిల్లలకు నేర్పాలి. రేకు మీద ‘చెన్నకేశవులు రైడింగ్ స్కూల్’ అని ఇంగ్లీషులో రాయించి గేటుకు కట్టాడు. తొమ్మిదిమంది పిల్లలు చేరారు. డెబ్భై ఎనిమిది ఫిబ్రవరిలో ప్లానింగ్ ఆఫీసు నుంచి ఒక నోటీసు వచ్చింది. ఇళ్లకు ఆనుకుని ఉన్న ఈ నేలలో స్వారీ బడికి అనుమతి కాగితం తీసుకోవాలి, లేకపోతే గుర్రాలను తరలించాలి. అంతే.

ఇంకొకరైతే నోటీసు మడిచి రేకు సందులో దోపి పని చూసుకునేవారు. ఈయన సైనికుడు కదా. బోర్డు విప్పి, దాని మొహం గోడ వైపు తిప్పి పెట్టాడు. "కాగితం వచ్చేదాకా ఒక్క పిల్లను గూడా ఎక్కించను" అన్నాడు. తొమ్మిదిమందినీ ఇంటికి పంపాడు.

నేనక్కడ తేలింది ఆ వారమే. కలెక్టరునై తిరిగొస్తానని రైలెక్కి వచ్చి, ఎం.ఏ. మధ్యలో వదిలేసి, మునీర్కాలో గది తీసుకుని, తెలుగువాళ్లకు ఇంగ్లీషు దరఖాస్తులు రాసిపెట్టేవాణ్ణి. నా దరఖాస్తు చదివి ఒక అండర్ సెక్రటరీ కళ్లు తుడుచుకున్నాడని అప్పట్లో ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది నేనే అనుకోండి. అయినా వ్యాపించిందా లేదా?

నాగేంద్రమ్మ చాయ్ ఇచ్చింది. ఆయన ఎదురుగా నిటారుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

"రాయి అబ్బీ. నా పేరు, నంబరు. ఇరవై ఆరేండ్ల సర్వీసు. మూడు గుర్రాలు. ఎకరం జాగా. ఇంతే."

"ఇంతేనా? దఫేదారుగారూ, ఇది దరఖాస్తా, తప్పిపోయిన గొడుగు గురించి ప్రకటనా?"

"ఉండేది ఇదే గదప్పా."

"మీరు సంతకం చేయండి. మిగతాది నాకొదిలేయండి."

ఆయనకు ఇంగ్లీషు కమాండ్లు తెలుసు గానీ చదవడం రాదు. రెండు పేజీలు రాశాను. నా రాతలో ఆ ఎకరం గ్యాలరీతో సహా ఒక పోలో మైదానమైంది. రాయబారుల పిల్లలు క్యూ కట్టారు. ఇక గుర్రాల దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. మూడు అని రాస్తే ఢిల్లీలో ఆ కాగితం మీద చాయ్ గ్లాసు పెడతారు. అంకెలో కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో ముప్పై అని రాశాను. ఆయన నా పక్కనే నిలబడి, వేలిముద్ర వేసేవాడంత నమ్మకంగా, కింద పొందికగా సంతకం పెట్టాడు.

దరఖాస్తు ఎవరికి, ఏ ఫారంలో పెట్టాలో కౌంటర్లో అడగమని నాగేంద్రమ్మ అన్నది. గుమాస్తాను అడిగి దరఖాస్తు రాసే ఖర్మ నాకేమిటని నేనే వెళ్లి, అందరికన్నా పెద్ద అధికారి పేరున ఇచ్చి వచ్చాను. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి. తర్వాత అయిదేళ్లు దీని చుట్టూనే తిరిగాయి.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున ఫ్లాట్ల సంఘం సెక్రటరీ రాధాకృష్ణమూర్తి గారు గేటు దగ్గర ప్రత్యక్షమయ్యారు. కాకినాడ మనిషి, ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. కింది అంతస్తులో ఇల్లు కావడంతో ముందున్న గజం నేలలో చామంతులు పెంచి, శీతాకాలం పూల పోటీలకు కుండీలు రిక్షాలో తీసుకెళ్లేవారు. చెన్నకేశవులు కొట్టంలోని లద్దె ప్రతి శనివారం బకెట్లో ఆ చామంతులకే వెళ్లేది. అభ్యంతరం లేదని సంఘం తరఫున రాసిస్తానని ఆయన అప్పటికే మాటిచ్చి ఉన్నారు.

ఆరోజు చేతిలో బకెట్ లేదు. కాగితం ఉంది.

"ఏమండీ దఫేదారు గారూ, మా నోటీసు బోర్డు మీద ప్లానింగ్ ఆఫీసువాళ్లు ఇది అంటించి పోయారండి. ఎవరికైనా అభ్యంతరాలుంటే నెలలో చెప్పమన్నారు. ముప్పై గుర్రాలేంటండీ బాబూ?"

"ముప్పై యాడివి సార్? మూడే గదా. మీరు దినామూ చూస్తానే ఉండారు."

"నేను మూడే చూస్తున్నానండి. ఇక్కడ ముప్పై అని ఉందండి. మూడిటి లద్దె నా చామంతులకు సరిపోతోంది. ముప్పైటి లద్దె పడితే చామంతులు కాదండి, మేమే పూస్తాం."

చెన్నకేశవులు కాగితం కేసి చూసి, తర్వాత నా కేసి చూశాడు. కవాతులో అడుగు తప్పిన కుర్రాడి వైపు చూసే చూపు అది.

"అబ్బీ. ఇందులో ఏం రాసినావు?"

అబద్ధాలాడేవాడికి ఉండాల్సిన మొదటి గుణం, దొరికిపోయాక దాన్ని సిద్ధాంతంగా మార్చగలగడం. నేను మార్చాను.

"దఫేదారుగారూ, మీరు జనపథ్‌లో స్వెటర్ ఎలా కొంటారు? వాడు వంద అంటాడు, మనం యాభై అంటాం. ఈ ఊళ్లో ఏదైనా సగానికి కోస్తారు. ఫైలు కూడా అంతే. మొత్తం నాలుగు బల్లలు. మొదటి బల్ల ముప్పైని పదిహేను చేస్తుంది. రెండోది ఏడు. మూడోది మూడున్నర. ఆ అర పోగా మూడు. మూడని రాసి ఉంటే ఈపాటికి మీకు గుర్రం తోక మిగిలేది."

"నాలుగో బల్ల?" అంది నాగేంద్రమ్మ, గుమ్మంలో ఉలవలు చెరుగుతూ.

"అది సంతకానికి, పిన్నీ."

"అట్లనా! నీ నోట్లో పుట్టినంత బిన్నా నా కొట్టంలో పుట్టవు నాయనా గుర్రాలు. వాటికి పదకొండు నెలలు పడ్తాది."

రాధాకృష్ణమూర్తి గారు నవ్వలేదు. "చూడండి, నాకు గుర్రాల మీద కోపం లేదండి. పై అంతస్తు పంజాబీలు, పక్క బ్లాకు బెంగాలీలు, అందరూ నిన్నటి నుంచి నా మీద పడ్డారు. వాళ్లు చూసేది కాగితాన్నండి, మీ కొట్టాన్ని కాదు. నంబరు మార్పించుకు రండి, ఆ క్షణమే రాసిస్తాను. అప్పటిదాకా సంఘం అభ్యంతరం అభ్యంతరమే." గేటు దాటుతూ వెనక్కి తిరిగి, కొంచెం గొంతు తగ్గించి, "ఈ శనివారం బకెట్ పంపుతారా?" అని అడిగారు.

"పంపుతా సార్. గుర్రానికి ఫైలు తెలీదు గదా" అన్నాడు చెన్నకేశవులు.

సోమవారం ఇద్దరం ప్లానింగ్ ఆఫీసుకు వెళ్లాం. ఆయన ఇస్త్రీ కోటు వేసుకుని, దానికి మెడల్స్ పెట్టుకున్నాడు. మా ఫైలు భాటియా గారి దగ్గర ఉంది. సన్నగా, మర్యాదగా ఉండే హెడ్ క్లర్కు. మెడల్స్ చూసి లేచి నిలబడ్డాడు. ఆ అయిదేళ్లలో ఆ మనిషి ఒక్కసారీ విసుక్కోలేదు, ఒక్కసారీ పని జరగలేదు.

"అంకె తప్పు పడింది సాబ్, ముప్పై కాదు, మూడు" అని చెన్నకేశవులు ఉన్నమాట చెప్పాడు.

భాటియా ఫైలు తిరగేశాడు. "దఫేదార్ సాబ్, ఇందులో అంకె ఒక్కటే కాదే. గ్యాలరీ ఉంది, పోలో ఉంది, రాయబారుల పిల్లలు ఉన్నారు. ఇవన్నీ తప్పు పడ్డాయా?"

చెన్నకేశవులు మెల్లగా నా వైపు తిరిగాడు. నేను ఫ్యాను కేసి చూశాను.

"మార్చాలంటే ఈ ఫైలు మూసేయాలి. అబద్ధం రాసినందుకు మీ దగ్గర సంజాయిషీ తీసుకోవాలి. కొత్త ఫైలు తెరవాలి. అది వరసలో చివరికి పోతుంది. ఇది చూడండి, అప్పుడే రెండో బల్ల దాటింది. నడవనివ్వండి జీ. ఇంత దూరం వచ్చిన ఫైలును ఎవరు చంపుతారు?"

బయటకొచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాం. సంజాయిషీ అనే మాట ఆయన్ని బాగా కోసింది. ఇరవై ఆరేళ్లలో ఒక్క సంజాయిషీ కూడా ఇచ్చుకోవాల్సిన అవసరం రాని మనిషి.

"నడవనిద్దామా అబ్బీ?"

"నడవనిద్దాం. సగం సగం కోసుకుంటూ వాళ్లే మూడు చేస్తారు."

కోయలేదు. నా సిద్ధాంతంలో లోపం ఒక్కటే, అది ఆ బల్లలకు తెలియదు. ప్రతి బల్లా ముప్పై అనే అంకెను గుడిలో విగ్రహంలా భద్రంగా పక్కన పెట్టి, దానికి తగిన నైవేద్యం అడిగింది. ముప్పై గుర్రాలకు నీళ్ల తొట్టి ఎంత లోతు? చూపండి. ముప్పై గుర్రాల లద్దె ఎక్కడ వేస్తారు? గొయ్యి తవ్వి ఫోటో పెట్టండి. స్వారీ పిల్లల్ని దింపడానికొచ్చే కార్లు ఎక్కడ నిలుపుతారు? నక్షా గీయించండి. ముప్పై గుర్రాలు రాత్రి సకిలిస్తే ఇళ్లకు వినపడకుండా ఏం చేస్తారు?

ఈ చివరి ప్రశ్న చదివి వినిపించినప్పుడు చెన్నకేశవులు కొట్టంలోకి తొంగి చూశాడు. "వాటికి చెప్తామని రాయి" అన్నాడు.

గొయ్యి ఆయనే తవ్వాడు. పద్దెనిమిది అడుగుల పొడుగు, పన్నెండు వెడల్పు. మొత్తం జూన్ నెల, లూ అనే వడగాలిలో, బనీను తలకు చుట్టుకుని. నేనూ తవ్వాను, ఢిల్లీ భూగర్భంలో మొగలుల నాటి మెట్లబావి తగిలిందని ఊరంతా చెప్పాను కూడా. తగిలింది రాయి. గొయ్యి పూర్తయ్యాక మూడు గుర్రాల లద్దె దాని అడుగున, పెళ్లి గుండిగలో చెంచాడు పెరుగులా కనిపించింది. రాధాకృష్ణమూర్తి గారి భార్య జానకీదేవి గారు గోడ మీంచి చూసి, "ఇదేంటండీ, ఈత నేర్పుతారా గుర్రాలకి?" అని అడిగారు.

నీళ్ల తొట్టి కట్టాడు. కార్ల కోసం ఎకరంలో మూడో వంతు చదును చేశాడు. అక్కడికి అయిదేళ్లలో ఒకే ఒక్క కారు వచ్చింది, దారి తప్పి. అంత నేల కార్లకు పోయాక స్వారీ వలయం కుదించాల్సి వచ్చింది. కుదించిన వలయంలో చాందినీ పూర్తి దౌడు తీయలేక మలుపులో విసుక్కునేది. లేని ముప్పై గుర్రాల కోసం ఉన్న మూడు గుర్రాలు ఇరుకునపడ్డాయి.

అయినా రోజూ పొద్దున ఆరింటికి ఆయన బూట్లు వేసుకుని, మూడిటినీ వంతులవారీగా తిప్పేవాడు. గోడవతల ఫ్లాట్ల పిల్లలు వరసగా ఎక్కి చూసేవాళ్లు. "అంకుల్, మేరీ బారీ కబ్ ఆయేగీ?" అని తన వంతు కోసం రాధాకృష్ణమూర్తి గారి రెండో అమ్మాయి ప్రతి సెలవుకీ అడిగేది. మొదట్లో ఆమెకు పదేళ్లు. తర్వాత పదమూడు. ఒక వేసవి తర్వాత అడగడం మానేసి సైకిలు కొనుక్కుంది. ఆ రోజు ఆయన లడ్డూ వీపు మీది పిల్లల జీను తీసి, నూనె రాసి, సంచిలో కట్టి అటక మీద పెట్టాడు.

"ఇంగెవరికి ఇది?" అన్నాడు. నన్నెప్పుడూ తిట్టలేదాయన. తిట్టి ఉంటే బాగుండేది, నేను రెండు మాటలు అని తేలికపడేవాణ్ణి.

ఎనభై రెండులో ఢిల్లీకి ఏషియాడ్ ఆటలు వచ్చాయి. ఊరంతా వంతెనలు, రంగుల టీవీలు. రాధాకృష్ణమూర్తి గారింట్లో కొత్త టీవీ ముందు మొత్తం బ్లాకు కూర్చుని గుర్రాలు కంచెలు దూకుతుంటే చప్పట్లు కొట్టింది. చెన్నకేశవుల్నీ పిలిచారు. ఆయన గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని, తెరలోని రౌతు మడమ ఎత్తినప్పుడల్లా "మడిమ కిందికి, మడిమ!" అని గొణిగాడు. అందరూ ముచ్చటపడ్డారు. "మన పక్కనే ఇంత మనిషిని పెట్టుకుని!" అన్నాడు పై అంతస్తు పంజాబీ. ఆ మరుసటి వారం అభ్యంతరం లేదని రాసిన కాగితం మీద సంతకాలకు నేను వెళ్తే అదే మనిషి, "దఫేదార్ సాబ్ దేవుడు. కానీ ముప్పై అంటే..." అని కలం వెనక్కిచ్చాడు.

ఏషియాడ్ పనుల్లో ఉన్నారని మా ఫైలు ఏడాది కదల్లేదు. చివరికి తనిఖీ తారీకు పడింది. ఎనభై మూడు జనవరి పదమూడు. పై అధికారి స్వయంగా వచ్చి చూసి అక్కడికక్కడే తేలుస్తాడని భాటియా చెప్పాడు. "ముప్పైలో కనీసం ఇరవై కనపడాలి జీ. మిగతావి మేతకు వెళ్లాయనొచ్చు" అని చెవిలో వేశాడు.

ఇక్కడ నా బుర్ర పనిచేసిందని ఒప్పుకోక తప్పదు. ఢిల్లీలో పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరేగుతాడు. అందుకని ప్రతి పేటలోనూ పెళ్లి గుర్రాలవాళ్లుంటారు. డిసెంబరు మధ్య నుంచి, మన భోగి లాంటి లోహ్రీ పండగ దాకా వాళ్లకు ముహూర్తాలుండవు. గుర్రాలు ఖాళీగా నిలబడి గడ్డి తింటూ ఉంటాయి. నేను మెహ్రౌలీ నుంచి చిరాగ్ దిల్లీ దాకా తిరిగి, కలెక్టరుకు స్నేహితుణ్ణని చెప్పి, పదమూడో తారీకు పొద్దుటికి పద్దెనిమిది తెల్ల గుర్రాల్ని రతీరాం పొలంలో నిలబెట్టాను. మంచులో పద్దెనిమిది తెల్ల గుర్రాలు! దేవతలు దిగినట్టుంది. తోకలకు గోరింటాకు ఎరుపు, మెడల్లో పూసలు. విప్పమంటే సమయం లేదన్నారు.

చెన్నకేశవులు గదిలోంచి మెడల్స్ కోటుతో బయటికొచ్చి ఆగిపోయాడు.

"ఇవేంది?"

"మీ మిగతా గుర్రాలు."

ఆయన మొదటి గుర్రం దగ్గరికెళ్లి కాలెత్తి డెక్క చూశాడు. "నాడా అరిగిపోయింది పాపం. డాంబరు రోడ్ల మీద చిందులేయిస్తారు" అన్నాడు. ఒక్కొక్కదాని నుదుటి మీదా చేయి వేసుకుంటూ వరస చివరికి పోయి, బాద్షా పక్కన నిలబడ్డాడు.

పదకొండింటికి జీపు వచ్చింది. దిగింది ఒక సర్దార్జీ అధికారి. లోహ్రీ పూట కావడంతో ఇంటికి తొందరగా పోవాలనే హడావుడిలో ఉన్నాడు. వెనక భాటియా, ఫైలు. ఫైలు అప్పటికి దిండంత అయింది. అధికారి గొయ్యి చూశాడు, తొట్టి చూశాడు, కార్ల జాగా చూశాడు. తల ఊపాడు. "బహుత్ అచ్ఛా. అన్నీ ముప్పైకి తగ్గట్టే ఉన్నాయి." రాధాకృష్ణమూర్తి గారు సంఘం తరఫున వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయన కళ్లు గుర్రాలని లెక్కపెడుతున్నాయి, మొహం పాలిపోతోంది.

అధికారి కలం తీసి ఫైలు జీపు బానెట్ మీద పరిచాడు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే... సరే, ఈ ఒక్కటీ పెంచను. గట్టిగా కొట్టుకుంది.

"దఫేదార్ సాబ్, ఇవన్నీ మీవేనా?"

చెన్నకేశవులు రెండు మడమలు దగ్గరికి చేర్చాడు.

"మూడు నావి సాబ్. ఇది, అది, ఆ పొట్టిది. మిగతావి పెళ్లిళ్లవి."

జీపు బానెట్ మీద కలం ఆగింది. నేను ముందుకురికాను. "సాబ్, ఆయన వినయంతో అంటున్నారు! సైనికులు ఎప్పుడూ తమది తక్కువ చేసి చెప్పుకుంటారు! ఇవి కూడా శిక్షణ పొందిన..."

సరిగ్గా అప్పుడు ఫ్లాట్లలో లోహ్రీ కోసం తెప్పించిన ఢోల్ మోగింది. పద్దెనిమిది పెళ్లి గుర్రాలూ చెవులు నిక్కబొడిచి, ఎవరూ చెప్పకుండానే రెండు వరసలు కట్టి, ముందుకాళ్లెత్తి చిందు మొదలుపెట్టాయి. ఒకటి అధికారి ముందుకొచ్చి తల వంచి, పెళ్లివారు ఇచ్చే నోట్లకట్ట కోసం ఆగింది. మీరు నమ్మరని తెలుసు. భాటియా ఇంకా బతికే ఉన్నాడు, అడగండి.

అధికారి తలపాగా ఊగేలా నవ్వాడు. నవ్వి, నవ్వి, కళ్లు తుడుచుకుని, చెన్నకేశవుల్ని చూసి నవ్వు ఆపేశాడు. ఆయన ఇంకా అటెన్షన్‌లోనే ఉన్నాడు. చిందుల మధ్య బాద్షా కూడా కదలకుండా నిలబడే ఉంది.

"దఫేదార్ సాబ్, మూడే అయితే ముప్పై ఎందుకు రాశారు?"

నేను నోరు తెరిచాను. ఆయన చేత్తో ఆపాడు. "సంతకం నాది సాబ్."

"మీకు తెలుసా? నాలుగు లోపు గుర్రాలైతే అది నా దాకా రావాల్సిన పనే లేదు. కింద కౌంటర్లో వేరే ఫారం ఉంది. ఇంజనీరు సంతకం చాలు. పక్కవాళ్లు ఒప్పుకుంటే నెల పని."

"మేం ఒప్పుకునేవాళ్లమండి" అన్నారు రాధాకృష్ణమూర్తి గారు. తెలుగులో అన్నారు, ఎవరికో కాదు, తనకే. "అయ్యో. మొదటి రోజే రాసిచ్చేవాణ్ణండి."

నేను బతిమాలాను. జీవితంలో మొదటిసారి అలంకారాలు లేకుండా మాట్లాడాను. తప్పు నాది సాబ్, ఇప్పుడు ఆ ఫారం పెడతాం, ఇప్పుడే రాస్తాను, ఇక్కడే.

అధికారి ఫైలు చివరి పేజీ తిప్పి ఒక నక్షా చూపించాడు. "నిరుడు కొత్త నక్షా ఖాయమైంది. ఈ ఎకరానికి పసుపు రంగు వేశారు. ఇక్కడ కాలనీకి బారాత్ ఘర్, పెళ్లిళ్ల హాలు వస్తుంది. రెండేళ్ల కిందట అయితే నేనే చేసేవాణ్ణి. ఇప్పుడిక కుదరదు. అబ్ నహీ హో సక్తా." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అదే ఎక్కువ కోపం తెప్పించింది. తిట్టుకోవడానికి ఎదురుగా ఒక దుర్మార్గుడైనా లేడు. ఉన్నవాణ్ణి నేనే.

మూడు నెలల్లో ఖాళీ చేయమని రాసి, జీపెక్కి వెళ్లిపోయాడు. పెళ్లి గుర్రాలు కూడా వెళ్లిపోయాయి, మర్నాటి నుంచి వాటికి ముహూర్తాలు.

ఆ సాయంత్రం నాగేంద్రమ్మ నాకు అన్నం పెట్టింది. ఉలవచారు పోస్తూ, "నాలుగో బల్ల సంతకం పెట్టింది గదా నాయనా, తిను" అంది.  

బాద్షా మార్చిలో చనిపోయింది. వయసే. మరో కారణం నేనెంత వెతికినా దొరకలేదు, వెతికిన మాట నిజం. ముప్పై గుర్రాల కోసం తవ్విన గొయ్యి ఒక గుర్రానికి సరిపోయింది. రాధాకృష్ణమూర్తి గారు ఆ ఏటి చివరి చామంతులన్నీ కోసి తెచ్చి మట్టి మీద పోశారు. పోటీలకు దాచిన రకం కూడా.

ఏప్రిల్లో మిగిలిన రెండిటినీ తీసుకుని బయల్దేరాం. ఆయన చాందినీ మీద, లడ్డూ పగ్గం నా చేతిలో, నాగేంద్రమ్మ సామాను టెంపోలో. నిజాముద్దీన్ వంతెన మీద యమున దాటి, మధ్యాహ్నానికి నోయిడా చేరాం. నోయిడా అంటే ఆరోజుల్లో పేరే. సెక్టారు నంబర్లు రాసిన రాళ్లు, రాళ్ల మధ్య సర్కారు తుమ్మ, దూరంగా ఒక ఫ్యాక్టరీ రేకు. ఒక రైతు పొలం కుదిరింది. అక్కడి ఆఫీసులో ఈసారి ముందుగా కౌంటర్ దగ్గర నిలబడి ఏ ఫారమని నేనే అడిగాను. ఇచ్చారు. ఒకే పేజీ. ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు.

"రాయి అబ్బీ. గుర్రాలు..."

నేను అలవాటుగా మూడు అని రాశాను. ఆయన కాగితం మీదికి వంగాడు. అంకెలు ఆయనకు బాగానే వచ్చు.

"కొట్టేయ్. రెండు."

కొట్టేసి రెండు అని రాశాను. నా జన్మలో ఒక అంకెను తగ్గించి రాయడం అదే మొదలు.

అనుమతి పందొమ్మిదో రోజున వచ్చింది. అయిదేళ్లు తిరిగిన మనిషి చేతిలో ఆ ఒక్క కాగితం ఎంత పలచగా ఉందో చెప్పలేను. అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు. మైలు దూరంలో ఒక్క ఇల్లు లేదు, ఒక్క పిల్ల లేదు. ఆయన బోర్డుకు చుట్టి తెచ్చిన గోనె విప్పి, తుడిచి, మొహం బయటికి తిప్పి కట్టాడు. దాని ఎదురుగా తుమ్మ చెట్లు తప్ప ఏమీ లేవు. మర్నాడు పొద్దున ఆరింటికి బూట్లు వేసుకుని, చాందినీకి జీను కట్టి, గేటు దగ్గర నిలబడ్డాడు. నేను చూడలేక, "ఎవరొస్తారు దఫేదారుగారూ ఇక్కడికి?" అన్నాను.

ఆయన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో వేసుకున్నాడు.

"వస్తార్లే అబ్బీ. ఈ రాళ్ల మధ్యన ఇండ్లు లేస్తాయి. ఇండ్లల్లో సెక్రటరీలు దిగతారు. దిగినోళ్లు ముందుగా ఏం చేస్తారు? ఇండ్ల పక్కన గుర్రాలేందని నా మీదికి వస్తారు. రానీ. అప్పుడు తీస్తా కాగితం. ఎన్నని రాసుండాదో నువ్వే చదివి చెప్దువు."

చాందినీ మెడ మీద రెండు తట్లు తట్టి, "ఈసారి సరిగ్గా చదువు" అన్నాడు.